పొలంలో దొరికిన ఇత్తడి గొట్టం: తోమకండి, ముందు కొలవండి

ప్రశ్న: సెలవు రోజుల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరగడం నా సరదా. పొలం యజమానిని అడిగాకే అడుగు పెడతాను. ఈమధ్య దున్నిన నేలలో, జానెడు లోతున ఒక ఇత్తడి వస్తువు దొరికింది. అడుగున వెడల్పాటి గుండ్రని పట్టీ, దాని మీద నిలువుగా గొట్టం, పక్కన బొటనవేలితో నొక్కడానికి వీలుగా చిన్న మీట. మీట బిగుసుకుపోయింది. గొట్టం లోపలి వెడల్పు 13 మిల్లీమీటర్లు, పొడవు 34. పైన ఏవో అంకెలు చెక్కారు, 2 ఒక్కటే తెలుస్తోంది. నూనె డబ్బా మూతి అని ఒక మిత్రుడు, సైనికుల పాత తుపాకిలోని భాగమని ఇంకొక మిత్రుడు అంటున్నారు. ఇది ఏమిటి? దగ్గర ఉంచుకుంటే ప్రమాదమా? ఎలా శుభ్రం చేయాలి? అమ్మితే ఏమైనా వస్తుందా?

సమాధానం: రెండో మిత్రుడి గురి దగ్గరకు వచ్చి తప్పింది. ఇది తుపాకి సామానే, కానీ తుపాకిలోని భాగం కాదు. సైనికుడిది కావడానికి అవకాశం కూడా తక్కువే. మందునూ గుండునూ గొట్టం మూతి నుంచే దట్టించి కాల్చే తుపాకులు నడిచిన కాలంలో, వేటకు వెళ్లేవాడు తుపాకి మందును ఒక కుప్పెలో పోసుకుని వెంట తీసుకెళ్లేవాడు. అంతకుముందు పశువు కొమ్మును తొలిచి వాడేవారు. 19వ శతాబ్దంలో రాగి, ఇత్తడి రేకులతో చేసిన కుప్పెలు బాగా వ్యాపించాయి. మీకు దొరికింది అలాంటి కుప్పెకు తలకాయ. మందును కొలిచి పోసే ఏర్పాటంతా అందులోనే ఉంటుంది.

తలకాయ మాత్రమే మిగిలి, కుప్పె ఎందుకు లేదని మీకు అనుమానం రావచ్చు. కుప్పె ఒళ్లు పలుచటి రేకు. రెండు సగాలను అచ్చుల్లో నొక్కి, అంచులు కలిపి అతికేవారు. నాగలి దెబ్బ తగిలినా, పైనుంచి బండి చక్రం వెళ్లినా ఆ అతుకు విచ్చుకుంటుంది, రేకు నలిగి ముక్కలవుతుంది. తలకాయ మందమైన ఇత్తడి కాబట్టి నిలిచింది. మీరు తవ్విన చోటికి నాలుగైదు అడుగుల దూరంలో నలిగిన రాగి రేకు ముక్కలు కనబడితే చెత్త అనుకుని పారేయకండి. వాటి మీద ఉబ్బెత్తుగా కుక్క బొమ్మో, పక్షి బొమ్మో, ఆకుల అల్లికో ఉంటే మీ కుప్పె ఒళ్లు దొరికినట్టే. వేట దృశ్యాలు అచ్చొత్తడం ఆ కుప్పెలకు బాగా అలవాటైన అలంకారం.

ఇక ఆ మీట సంగతి. గొట్టం మొదట్లో, పట్టీకి ఆనుకుని, ఒక పలుచటి అడ్డుపలక ఉంటుంది. స్ప్రింగు దానిని ఎప్పుడూ మూసి ఉంచుతుంది. మందు కావలసినప్పుడు గొట్టం మూతిని వేలితో మూసి, కుప్పెను తలకిందులుగా పట్టుకుని, బొటనవేలితో మీట నొక్కేవారు. అడ్డుపలక పక్కకు జరుగుతుంది, మందు జారి గొట్టం నిండుతుంది. మీట వదిలితే అడ్డుపలక మూసుకుని, గొట్టంలో ఉన్న మందును కుప్పెలోని మందు నుంచి తెగ్గోస్తుంది. కుప్పెను నిటారుగా తిప్పి, వేలు తీసి, ఆ కొలతను తుపాకి మూతిలో పోయడమే. చీకట్లోనైనా, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా, ప్రతిసారీ ఒకే కొలత. కళ్లతో చూసి అంచనా వేయవలసిన పని లేదు.

ఆ అడ్డుపలక కొలత కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. ఒకసారి పేల్చాక తుపాకి గొట్టం అడుగున నిప్పు కణిక మిగిలిపోవచ్చు. దాని మీద కొత్త మందు పోస్తే వెంటనే భగ్గుమంటుంది. అడ్డుపలక సరిగ్గా మూసుకుని ఉంటే గొట్టంలోని కొద్దిపాటి మందు మాత్రమే అంటుకుంటుంది. స్ప్రింగు సడలి సందు మిగిలితే మంట కుప్పెలోకి పాకి, చేతిలోనే పేలుతుంది. వేళ్లు పోగొట్టుకున్న వేటగాళ్లు ఉన్నారు. ఈనాడు సరదాకి పాత పద్ధతి తుపాకులు కాల్చేవారు కుప్పె నుంచి నేరుగా తుపాకిలోకి మందు పోయరు. వేరే చిన్న కొలపాత్రలోకి వంపి, దానితో పోస్తారు.

మీరు గొట్టం కొలతలు పంపడం చాలా మంచి పని. ఎక్కువమంది "బొటనవేలంత ఉంది" అని రాసి ఊరుకుంటారు. 13 మిల్లీమీటర్ల వెడల్పు, 34 మిల్లీమీటర్ల పొడవు అంటే లోపల పట్టేది సుమారు నాలుగున్నర ఘన సెంటీమీటర్లు. ఆ కాలపు నల్లటి తుపాకిమందు ఘన సెంటీమీటరుకు దాదాపు ఒక గ్రాము తూగుతుంది. కాబట్టి మీ గొట్టం ఒక విడతకు నాలుగున్నర గ్రాముల మందు పోసేది. ఆ కాలపు ఇంగ్లిషు కొలతల్లో దీనిని డ్రాముల్లో చెప్పేవారు. ఒక ఔన్సులో పదహారో వంతు డ్రాము, అంటే 1.77 గ్రాములు. నాలుగున్నర గ్రాములు రెండున్నర డ్రాములకు కాస్త అటూఇటూ. మీకు కనిపించిన 2 పక్కన అరిగిపోయిన భిన్నం ఒకటి ఉండి ఉంటుంది. ఏటవాలు వెలుతురులో, గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ, భూతద్దంతో చూడండి. 2¼, 2½, 2¾ అని వరుసగా కనిపిస్తే ఆశ్చర్యపడకండి. పక్షుల వేటకు వాడే తుపాకుల కుప్పెల మీద సాధారణంగా కనిపించే కొలతలవి.

అలా ఒకటి కంటే ఎక్కువ అంకెలు ఉన్నాయంటే మీ గొట్టం ఒకటి కాదు, ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు. పైగొట్టాన్ని లాగి, తిప్పి, కావలసిన అంకె దగ్గర గాడిలో నిలిపితే కొలత పెరుగుతుంది, తగ్గుతుంది. మట్టిలో పడ్డాక అది ఎక్కడ ఆగిందో అక్కడే బిగుసుకుపోతుంది. అంటే, చివరిసారి దాని యజమాని పెట్టుకున్న కొలత ఇంకా అలాగే ఉందన్నమాట. లాగి చూడాలన్న కోరిక పుడుతుంది. పుట్టనివ్వండి, చేతులు మాత్రం కట్టుకోండి. ముందు ఫొటో తీసి, ఏ అంకె దగ్గర ఆగి ఉందో రాసి పెట్టండి.

డ్రాము అనే ఆ కొలత ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కొన్ని దేశాల్లో ఆధునిక తూటాల పెట్టెల మీద "3 డ్రాములకు సమానం" వంటి ముద్ర ఇప్పటికీ వేస్తారు. లోపల ఆ నల్లటి తుపాకిమందు ఉండదు. అన్ని డ్రాముల నల్లటి తుపాకిమందు ఇచ్చినంత వేగం ఈ తూటా ఇస్తుందని దాని భావం. నేటి పొగలేని మందును ఇలాంటి పాత గొట్టంతో కొలిచి పోస్తే తుపాకి గొట్టమే పగిలిపోతుంది. మీకు ఆ ఉద్దేశం లేదని తెలుసు. ఇది చదివే మరొకరి కోసం రాశాను.

సైనికుడిది కాకపోవచ్చని ఎందుకన్నానంటే, సైన్యాల్లో కాల్బలం కుప్పె పట్టుకుని కొలతలు కొలుస్తూ కూర్చునేది కాదు. ఒక పేలుడుకు సరిపడా మందు, గుండు కలిపి కాగితంలో చుట్టిన తూటాలు ఇచ్చేవారు. సైనికుడు కాగితం కొసను పంటితో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండును దట్టించేవాడు. 1857లో సిపాయిల్లో రగిలిన ఆగ్రహం ఆ తూటాలకు పూసిన కొవ్వు గురించే కదా. ఇంకా వెనక్కి, 17వ శతాబ్దానికి వెళితే, జామగి తుపాకుల (నిప్పంటించిన వత్తితో పేల్చేవాటి) సైనికులు ఒక్కో పేలుడు మందును ఒక్కో చిన్న చెక్క గొట్టంలో నింపి, భుజం పట్టీకి వరుసగా వేలాడదీసుకునేవారు. ఇంగ్లండులో 1642లో మొదలైన అంతర్యుద్ధం జరిగిన నేలల్లో ఆ గొట్టాల సీసపు మూతలు డిటెక్టర్లకు నేటికీ దొరుకుతుంటాయి. అది సైనికుల సామాను. మీ మీట, మీ అంకెల గొట్టం వేటగాడి సౌకర్యం. పిస్తోళ్లతో పాటు ఇచ్చిన చిన్న కుప్పెలు, కొన్ని సైన్యాలు రైఫిల్ దళాలకు ఇచ్చిన కుప్పెలు లేకపోలేదు. కానీ వాటి గొట్టాలకు సాధారణంగా ఒకటే స్థిరమైన కొలత ఉంటుంది.

కాలం విషయానికి వస్తే, ఇలాంటి మీట ఉన్న తలకాయలు 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి విరివిగా వచ్చాయి. తుపాకి మందును చెకుముకి రాయి నిప్పురవ్వతో అంటించేదా, దెబ్బకు పేలే చిన్న లోహపు టోపీతో అంటించేదా అన్నది కుప్పెను బట్టి చెప్పలేం. గొట్టంలో పోసే మందు రెండింటికీ ఒకటే. చెకుముకి తుపాకికి అదనంగా చిన్న గిన్నెలో రంజకం (ముందుగా అంటుకుని లోపలి మందును రగిలించే పొడి) పోయాలి, అంతే తేడా. ఆ రంజకం మెరుపు చూసి పక్షులు తప్పించుకుంటున్నాయన్న విసుగుతోనే స్కాట్లండ్ చర్చి బోధకుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బకు పేలే రసాయనంతో కొత్త ఏర్పాటు కనిపెట్టాడని చెబుతారు. 1807లో దానికి పేటెంటు పొందాడు. టోపీ తుపాకులు దాని నుంచే పుట్టుకొచ్చాయి. కుప్పెల కాలం ముగియడానికి కారణం వేరు. వెనుక వైపు నుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చాయి. ఫ్రాన్సుకు చెందిన లెఫోషే చేసిన అలాంటి వేట తుపాకి 1851 లండన్ మహాప్రదర్శనలో ఇంగ్లిషు తయారీదారుల కళ్లు తెరిపించింది. 1866లో బ్రిటిష్ సైన్యం వెనుక నుంచి దట్టించే స్నైడర్ తుపాకికి మారింది. తరువాతి కొన్నేళ్లలో డబ్బున్న వేటగాళ్లంతా మారిపోయారు. లేనివాళ్లు తండ్రి వాడిన తుపాకినే ఇంకా చాలాకాలం దట్టించుకున్నారు. కాబట్టి 1820ల నుంచి 1880ల లోపు అని మీ కాగితం మీద రాసుకోండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. సీసపు గుళ్లు పోసే తోలు సంచులకు కూడా మీట ఉన్న ఇత్తడి తలకాయలే ఉండేవి. వాటి మీద అంకెలు ఔన్సుల్లో ఉంటాయి: 1, 1⅛, 1¼ వంటివి. గుళ్లు తెగవు కాబట్టి అక్కడ ఒక పలక చాలదు. కొలత గది ముందొకటి, వెనకొకటి రెండు పలకలు ఉంటాయి, ఒకటి తెరుచుకుంటే ఒకటి మూసుకుంటుంది. మీది 2తో మొదలవుతోంది, గొట్టం పొడవుగా ఉంది. మందుదే.

పట్టీ అంచు మీద, మీట పక్కన, గొట్టం మొదట్లో తయారీదారు ముద్ర కోసం వెతకండి. ఇంగ్లండులోని షెఫీల్డు ఈ పనికి పెద్ద కేంద్రం. జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, హాక్స్‌లీ వంటి సంస్థలు అక్కడివే, వాటి కుప్పెలు ప్రపంచమంతా వెళ్లాయి. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలో అమెరికన్ ఫ్లాస్క్ అండ్ క్యాప్ కంపెనీ ఉండేది. ముద్ర దొరికితే సంబరపడే ముందు ఇంకొక సంగతి. 20వ శతాబ్దపు రెండో సగంలో పాత పద్ధతి తుపాకులు కాల్చడం సరదాగా మళ్లీ మొదలైనప్పుడు, ఇటలీలోనూ ఇతర చోట్లా వీటి నకళ్లు కుప్పలుతెప్పలుగా తయారయ్యాయి. పాత నమూనాలను అచ్చుగుద్దినట్టు దించారు. అయితే నకలు జానెడు లోతున, మీట పూర్తిగా బిగుసుకుపోయి, అంకెలు అరిగిపోయి దొరకడం అరుదు. మరమేకుల తలలు చూడండి. చేత్తో కోసిన గాడి కొద్దిగా పక్కకు ఉంటుంది, సన్నగా ఉంటుంది. ప్లస్ గుర్తు గాడి ఉంటే ఆశ వదులుకోండి.

ప్రమాదం గురించి. మీ దగ్గర ఉన్నది తెరిచిన గొట్టం. నల్లటి తుపాకిమందులో నాలుగింట మూడు వంతులు సురేకారం, మిగతాది బొగ్గు, గంధకం. సురేకారం నీళ్లలో కరిగిపోతుంది. వానలకు తడుస్తూ మట్టిలో ఉన్న తెరిచిన గొట్టంలో మందు మిగిలినా అది పేలే మందుగా మిగలదు. మూత బిగిసిన నిండు కుప్పె దొరికితే మాత్రం కథ వేరు. నీరు చొరకపోతే నల్లటి తుపాకిమందు శతాబ్దాలైనా చెడదు. అలాంటిది ఎప్పుడైనా దొరికితే ఊపి చూడకండి, రంపం పెట్టకండి, ఎండలోనో పొయ్యి దగ్గరో ఆరబెట్టకండి, పోలీసులకు చెప్పండి. పాత తుపాకి గొట్టం దొరికినా అంతే. దట్టించి ఉన్నదనే అనుకోవాలి, ఎందుకంటే దట్టించి వదిలేసినవి నిజంగానే దొరుకుతుంటాయి.

ఇప్పుడు, ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు భయం వేసిన ప్రశ్న: శుభ్రం చేయడం. ఇత్తడి అనగానే మనకు మెరుపు కావాలి. ఈ వస్తువుకు మెరుపే శత్రువు. ఆమ్లం తగిలితే ఇత్తడిలోని జింకు ముందు కరిగిపోతుంది, రాగి మిగులుతుంది. అందుకే ఆమ్లంలో వేసి తీసిన పాత ఇత్తడి వింతగా గులాబీ రంగు తిరుగుతుంది. మళ్లీ పాత రంగు రాదు. రాపిడి పొడులు, ఇనుప పీచు అంకెలను తుడిచేస్తాయి. మీకు 2 ఒక్కటే కనిపిస్తోందంటే మిగతావి వెంట్రుకవాసి లోతులో ఉన్నాయని అర్థం. ఒక్క గట్టి రుద్దుడు చాలు, వాటికి నూకలు చెల్లడానికి.

శుద్ధి చేసిన నీళ్లు, మెత్తటి కుంచె, సన్నగా చెక్కిన చెక్క పుల్ల. ఇవి చాలు. మట్టిని తడిపి మెత్తబరిచి, పుల్లతో తొలగించండి. లోహపు సూది వాడకండి. మీట కింద గోధుమరంగు గడ్డ ఏదైనా అంటుకుని ఉంటే దానిని మట్టి అనుకుని పెకలించకండి. అది బహుశా స్ప్రింగు. మిగతాదంతా ఇత్తడి అయినా స్ప్రింగు ఉక్కుతో చేసేవారు, అందుకే మట్టిలో మొదట కరిగేది అదే. తుప్పు గడ్డగానైనా మిగిలితే స్ప్రింగు బయట ఉండేదా లోపల ఉండేదా, ఎక్కడ బిగించారు అన్నది తెలుస్తుంది. మీట కదిలించడానికి నూనె పోసి పట్టకారుతో తిప్పాలని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. వేడి చేయమని ఇంకొకరు అంటారు. అది ఇంకా చెడ్డ సలహా, అతికిన చోట్ల టంకం కరిగి మీట చేతికి వస్తుంది.

తడి ఆరాక కొన్ని వారాలు గమనించండి. నల్లగా, ముదురు ఆకుపచ్చగా, గట్టిగా నున్నగా ఉన్న పొర మంచిది, అది వస్తువును కాపాడుతోంది. లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా చుక్కలు లేచి, తుడిస్తే పోయి, మళ్లీ లేస్తుంటే మాత్రం రోగం పట్టినట్టు. మట్టిలోని ఉప్పు లోహంలోకి దిగి, గాలిలోని తేమతో కలిసి లోపల్నించి తినేస్తోందన్నమాట. అప్పుడు ఇంటి వైద్యం మాని, మ్యూజియంలో లోహాలను పరిరక్షించేవారిని అడగండి. ఈలోగా బిగుతు మూత ఉన్న డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. డబ్బాలో తేమ 40 శాతం లోపు ఉండేలా చూస్తే చాలావరకు ఆగుతుంది. వట్టి చేతులతో పదేపదే పట్టుకోవద్దు, చెమటలోనూ ఉప్పే ఉంటుంది.

అమ్మకం గురించి ఒక్క మాట. కుప్పె లేని తలకాయకు, అందులోనూ బిగుసుకుపోయినదానికి, పెద్ద వెల ఉండదు. పాత కుప్పెలు బాగుచేసుకునేవారు విడిభాగాల కోసం కొంటారు. వాళ్లు చేసే మొదటి పని స్ప్రింగు గడ్డ ఊడగొట్టి, కొత్తది బిగించి, మెరుగుపెట్టడం.

నన్నడిగితే దీని విలువ అది దొరికిన చోటులో ఉంది. అమెరికా సైన్యమూ అక్కడి ఆదివాసులూ తలపడిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1983లో గడ్డి తగలబడ్డాక, పురావస్తు పరిశోధకులు డిటెక్టర్ల బృందాలతో నేలంతా వరుసగా గాలించి, దొరికిన ప్రతి గుండునూ ప్రతి తూటా ఖోళీనీ (పేలాక మిగిలే తొడుగునూ) పటం మీద గుర్తించారు. ఖోళీల మీద తుపాకి సూది కొట్టిన గుర్తులు పోల్చి, ఒకే తుపాకి ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో గీసి చూపించారు. ఆ ఖోళీలను ఎవరో ముందే ఏరుకుని డబ్బాలో పోసుకుని ఉంటే ఆ పటం వచ్చేది కాదు. మీ పొలం యుద్ధభూమి కాకపోవచ్చు. అయినా తవ్విన చోటును ఫోనులోని స్థానసూచికతో గుర్తించి, లోతు, తేదీ, పక్కన దొరికినవి రాసి పెట్టండి. ఇంగ్లండు, వేల్స్‌లలో ఇలా దొరికినవాటిని నమోదు చేయడానికి పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీము అనే ప్రభుత్వ ఏర్పాటే ఉంది. అన్ని దేశాలూ అంత ఉదారం కావు. ఐర్లండులో 1987 నుంచి అనుమతి లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడటమే నేరం. పొలం యజమాని సరే అన్నంత మాత్రాన చట్టం సరే అన్నట్టు కాదు. మీరున్న చోట పాత వస్తువులు ఎవరికి చెందుతాయో, ఎవరికి తెలియజేయాలో మళ్లీ డిటెక్టర్ ఆన్ చేసే ముందే కనుక్కోండి. అమ్మే మాట ఆ తరువాతే.

ఇక ఫొటోలు తీయండి. పై నుంచి ఒకటి, మీట వైపు నుంచి ఒకటి, పట్టీని తిరగేసి అడుగు భాగం ఒకటి, అంకెల మీద ఏటవాలు వెలుతురు పడేలా రెండు మూడు. ప్రతి ఫొటోలోనూ పక్కన కొలబద్ద ఉండాలి. అడుగు భాగం ఫొటో ఎవరూ పంపరు, నాకు అన్నింటికంటే కావలసింది అదే. పట్టీని కుప్పెకు మరచుట్లతో బిగించేవారా, చిన్న మరమేకులతో పట్టించేవారా అన్నది అక్కడే తెలుస్తుంది. తయారీదారును పోల్చుకోవడానికి ముద్ర లేనప్పుడు ఉపయోగపడేది ఆ ఒక్క గుర్తే. అడ్డుపలక కూడా అక్కడి నుంచే కనిపిస్తుంది. అది మూసి ఉందో, సగం తెరుచుకుని ఉందో చూసి రాయండి.